చంటిబిడ్డ వేళల్ని బట్టి ఎంచుకున్న చదువు

మన దేశంలో మొట్టమొదట ఇంజనీరింగ్ చదివిన ఆడవాళ్ల గురించి రాసిన ప్రతిచోటా అయ్యలసోమయాజుల లలిత పేరు ఉంటుంది. తెలుగింటి ఆడపడుచు. తొలి మహిళ అనగానే పట్టుదల, ధైర్యం, ఎవరికీ భయపడని మనిషి అంటూ రాసేస్తారు. అవన్నీ ఆవిడలో ఉన్నాయి, కాదనను. కానీ ఆవిడ జీవితం చదువుతుంటే నా కళ్లకు ముందు కనిపించేది నాలుగు నెలల చంటిబిడ్డ. ఆ బిడ్డ ఏ వేళకు ఎవరి దగ్గర ఉంటుందన్న లెక్క తేలాకే లలిత ప్రతి అడుగూ వేసింది.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది లలిత. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లల్లో లలిత ఐదోది. ఆ ఇంట్లో మగపిల్లలకు ఇంజనీరింగ్ చదువులు, ఆడపిల్లలకు అక్షరాలొస్తే చాలు, ఆపైన పెళ్లి. అంత చదువుకున్న ఇంట్లోనూ అంతే మరి! 1934లో పదిహేనేళ్లకే లలితకు పెళ్లి చేశారు. పెళ్లయినా పదో తరగతి వరకు చదవనిచ్చారు, ఆ రోజుల్లో అదే గొప్ప.

1937లో ఆడపిల్ల పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. లలితకు అప్పుడు పద్దెనిమిదేళ్లు.

ఆ కాలంలో భర్త పోయిన పిల్లకు ఇంట్లో ఏ మూల చోటు దొరికేదో మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పగా విన్నవాళ్లమే. శుభకార్యానికి ఎదురు రాకూడదు, రంగు చీర కట్టకూడదు, వంటింట్లో చాకిరీ మాత్రం చెయ్యొచ్చు. లలితను మాత్రం పుట్టింటివాళ్లు ఆ మూలకు నెట్టలేదు. పిల్లను ఎత్తుకుని వస్తే ఇంట్లో పెట్టుకున్నారు. మళ్లీ పెళ్లి మాట కాకుండా, తన కాళ్ల మీద తను నిలబడే దారి చూడాలనుకుంది లలిత. అందుకు చదువొక్కటే మార్గం. మెరీనా ఒడ్డునున్న క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరి ఫస్ట్ క్లాసులో పాసైంది.

ఇంటర్ అయ్యాక ఏం చదవాలి? నాకు ఆవిడ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. ఎవరైనా ముందు డాక్టరు చదువు చదవమనే అంటారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడవాళ్లు 1875 నుంచే చదువుతున్నారు. అంటే అప్పటికే అరవై ఐదేళ్లుగా నడుస్తున్న బాట. ఇంజనీరింగ్ సంగతి అలా కాదు. గిండీ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైంది. దాదాపు నూట యాభై ఏళ్లలో ఒక్క ఆడపిల్లా ఆ క్లాసుల్లో కూర్చోలేదు. లలిత రెండూ బేరీజు వేసుకుని సులువుగా ఉన్న బాటను వదిలేసింది! ఎందుకంటే డాక్టరైతే అర్ధరాత్రీ అపరాత్రీ పిలుపొస్తుంది, లేచి పరుగెత్తాలి. నిద్రలో ఉన్న పిల్లను వదిలి వెళ్లడం ఆవిడకు ఇష్టం లేదు. ఇంజనీరైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆవిడ విప్లవం చేద్దామని ఇంజనీరింగ్‌లోకి వెళ్లలేదు. సాయంత్రం బిడ్డ దగ్గరుండడానికి వెళ్లింది.

ఇది చదువుతున్నప్పుడు మా ఖిలా వరంగల్‌లో మా వీధి చివర ఉండే ఒకామె గుర్తొచ్చింది. బట్టల షాపులో పని, ఇద్దరు చిన్నపిల్లలు. నర్సింగ్‌లో చేరాలని, ఎప్పుడో పదేళ్ల కిందట వదిలేసిన సైన్సు పుస్తకాలు మళ్లీ దులిపింది. సీటొచ్చినా అక్కడితో అయిపోదు. మొదటి ఏడే అనాటమీ, ఫిజియాలజీ మీద పడతాయి. ఒంట్లో రెండు వందల ఆరు ఎముకల పేర్లు, గుండెలో రక్తం ఏ గది నుంచి ఏ గదికి పోతుందో, ఏ సూక్ష్మక్రిమి ఏ జబ్బు తెస్తుందో అన్నీ నేర్చుకోవాలి. రాత్రి అన్నాలయ్యాక గిన్నెలు తోముకుని, పిల్లలు పడుకున్నాక పుస్తకం తీస్తే రెండో పేజీకే కునుకు వస్తుందట. చదువు కష్టమని కాదు, చదువుకునే ఆ రెండు గంటలు ఎక్కణ్ణుంచి తేవాలన్నదే ఆమె బాధ. షాపువాళ్లు ఓ గంట ముందు వదలరు, పుస్తకం చూసుకుంటుంటే పిల్లలు ఊరుకోరు. మనలో చాలామందికి ఈ లెక్క తెలిసిందే కదా!

లలితకు ఆ రెండు గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇంట్లోవాళ్లు ఇచ్చారు. తండ్రి సుబ్బారావు గారు కాలేజీ ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ అనే తెల్లదొర కూడా సరేనన్నాడు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరింది. పాపను అన్నగారింట్లో ఉంచి, తను హాస్టల్లో ఉండి చదివేది. శని, ఆదివారాలు వెళ్లి పిల్లను చూసుకుని వచ్చేది. సోమవారం పొద్దున మళ్లీ హాస్టలుకు తిరిగొచ్చేటప్పుడు ఆ తల్లి మనసు ఎలా ఉండేదో పిల్లను బళ్లో వదిలి వెనక్కి తిరిగిన ప్రతి తల్లీ ఊహించుకోగలదు.

కాలేజీలో మగపిల్లలు ఇబ్బంది పెట్టలేదు, బాగానే చూసుకున్నారు. కానీ ఆడపిల్లల హాస్టల్లో లలిత ఒక్కతే. రాత్రిపూట పలకరించడానికి మనిషి లేదు. ఆ ఒంటరితనం ఆవిడకు భారమైంది. అప్పుడు సుబ్బారావు గారు, ఇంజనీరింగ్ చదువు ఆడపిల్లలకూ ఉందని పత్రికల్లో ప్రకటన వేయించారు. మరుసటేడు కేరళ నుంచి ఇద్దరొచ్చారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా. వాళ్లిద్దరిదీ సివిల్ ఇంజనీరింగ్. (ఈ త్రేసియా గారే తర్వాత 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.) లలితకు తోడు కావాలనుకున్నందుకు ఇంకో ఇద్దరికి దారి దొరికింది.

తండ్రి విషయంలో నాకు కాస్త పేచీ ఉంది. పదిహేనేళ్లకు పెళ్లి చేసింది ఆయనే, పందొమ్మిది, ఇరవయ్యేళ్ల వయసులో కాలేజీలో చేర్పించిందీ ఆయనే. పిల్ల తెలివి మొదటినుంచీ ఒకటే. కష్టం వచ్చి పడ్డాకగానీ ఆ తెలివి ఆయన కంట పడలేదు. అల్లుడు బతికుంటే ఆ పిల్ల వంటింట్లోనే ఉండిపోయేదేమో! అయినా కష్టం వచ్చిన కూతుర్ని తలవంచుకుని ఓ మూల కూర్చోమన్న తండ్రులే లెక్కలేనంతమంది ఉన్న కాలంలో, తన పరువు పక్కనబెట్టి తన కాలేజీ తలుపే తట్టిన మనిషి ఆయన. అందుకే ఆ పేచీ ఎక్కువసేపు నిలవదు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఇంజనీర్ల అవసరం పెరిగి చదువు కొన్ని నెలలు కుదించారు. అందువల్ల ఏడాది తేడాతో చేరినా ముగ్గురూ ఒకేసారి, 1943లో, చదువు పూర్తిచేశారు. పట్టాలు ముందే అచ్చువేసి ఉన్నాయి, అన్నీ మగవాళ్లకే. ఆడవాళ్లు ఆ పట్టా పుచ్చుకుంటారని అచ్చువేసిన వాళ్లు కలలో కూడా అనుకోలేదు కాబోలు. ఇంగ్లీషులో అతడు అన్న చోట కొట్టేసి, పైన ఆమె అని చేత్తో రాసిచ్చారు.

ఈ ముక్క చదివినప్పుడు మా ఊరి రాణి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది! మా ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే రాతి తోరణాలు కనిపిస్తాయి. పదమూడో శతాబ్దంలో ఈ కోటలో కూర్చుని రాజ్యమేలిన రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో చెక్కారు. ఆడది సింహాసనం మీద కూర్చుంటే ఆవిడ పేరే మార్చారు. ఇక్కడ పట్టా మీద ఒక్క మాటయినా కొట్టేసి దిద్దారు. ఏడు వందల ఏళ్లలో ఆ మాత్రం ముందుకొచ్చామన్నమాట.

చదువయ్యాక ఏడాది పాటు బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ప్రాక్టికల్ ట్రైనింగు. ఆ తర్వాత ఉద్యోగం సిమ్లాలో, సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా. సిమ్లాయే ఎందుకు? అక్కడ ఆవిడ అన్నదమ్ముల్లో ఒకరు ఉన్నారు, పాపకూ ఇల్లు దొరుకుతుంది. ఆ ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్ష కూడా పాసైంది. 1946 ఆఖరున తండ్రి పిలిస్తే మద్రాసు వచ్చి ఆయన పరిశోధనల్లో చెయ్యి కలిపింది. కరెంటుతో పలికే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగరాని పొయ్యి, ఇలాంటివి చేసేవారు ఆయన. పొగరాని పొయ్యి మనకెంత అవసరమో ఊదుగొట్టంతో కళ్లు మండిన వాళ్లనడగాలి! కానీ తండ్రి ప్రయోగాలతో ఇల్లు గడవదు, పిల్లను పెంచాలి. నెలనెలా జీతం చేతికొచ్చే ఉద్యోగం కావాలి.

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరింది. ఇక్కడా అదే లెక్క. కలకత్తాలో సోదరుడి సంసారం ఉంది. తల్లి ఆఫీసుకు వెళ్తే పిల్లకు తోడుగా మేనమామ ఇల్లు ఉంది. లలిత కథ చెప్పేవాళ్లు తండ్రిని పొగుడుతారు, అన్నదమ్ముల్నీ మెచ్చుకుంటారు. ఆ ఇళ్లల్లో పిల్లకు వేళకింత పెట్టి, జడలు వేసి, జ్వరమొస్తే పక్కన కూర్చున్న ఇల్లాళ్ల గురించి ఓ వాక్యం రాయడానికి ఎవరికీ చేతులు రావు. ఆడబిడ్డ ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసుకోవడానికి వదినలు తమ పొద్దు కొంత ఇచ్చారు. అది కూడా ఆ పట్టా ఖరీదులో భాగమే అంటాను నేను.

కంపెనీలో ఆవిడ పని ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్లలో ఏ యంత్రం ఎక్కడ ఉండాలో నిర్ణయించడం, రక్షణ పరికరాల ఏర్పాటు. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు ఎగిరిపోయి టీవీని, ఫ్రిజ్‌ను కాపాడుతుంది కదా. వందల ఊళ్లకు కరెంటు మోసే లైన్లకూ అలాంటి కాపలా కావాలి. ఎక్కడో చెట్టు కూలి తీగ తెగినా, పిడుగు పడినా, ఆ ఒక్క ముక్కకు రెప్పపాటులో కరెంటు ఆగిపోవాలి, మిగతాచోట దీపాలు వెలుగుతూనే ఉండాలి. దానికి కాగితం మీద ముందే లెక్కలు వెయ్యాలి. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనుల్లోనూ ఆవిడ చెయ్యి ఉంది. ఆ కంపెనీయే తర్వాత జి.ఇ.సి.లో కలిసిపోయింది. ఆవిడ మాత్రం దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు.

ఇంకెవరైనా మళ్లీ పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే ఏమనేవారో తెలీదు గానీ, కూతురు అడిగినప్పుడు మాత్రం, మళ్లీ ఓ ముసలాయనకు సేవలు చేస్తూ కూర్చోవడానికా, నాకొద్దు తల్లీ అన్న అర్థంలో నవ్వి తోసేశారట. తండ్రి లేని లోటు తనకు తెలియలేదని ఆ కూతురు పెద్దయ్యాక చెప్పింది.

1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ అసోసియేట్ సభ్యత్వం ఇచ్చింది, 1966లో పూర్తి సభ్యత్వం. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో ప్రపంచంలోని మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల మొదటి సమావేశం జరిగింది. మన దేశంలో అప్పటికి అలాంటి మహిళా ఇంజనీర్ల సంఘమే లేదు, పంపేవాళ్లూ లేరు. లలిత సొంత హోదాలోనే వెళ్లారు. ఆ మరుసటేడు లండన్ మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సమావేశం జరిగినప్పుడు ఇండియా తరఫున పనులు చూసింది ఆవిడే.

1977లో రిటైరయ్యారు. అక్కణ్ణుంచి ఆవిడకు దక్కినవి రెండేళ్లే. 1979 అక్టోబరు 12న, అరవై ఏళ్ల వయసులో, మెదడులో రక్తనాళానికి వచ్చిన జబ్బుతో కన్నుమూశారు. ఆ నాలుగు నెలల పాపకు అప్పటికి నలభై దాటాయి.