జోసెఫ్ హెన్రీ

జోసెఫ్ హెన్రీ 1797లో అమెరికాలోని ఆల్బనీలో పేద కుటుంబంలో జన్మించారు. చిన్నవయసులో గడియారాల పని నేర్చిన ఆయన 1826లో ఆల్బనీ అకాడమీలో ఆచార్యులయ్యారు.

అప్పటి విద్యుదయస్కాంతాలు బలహీనమైనవి. హెన్రీ రాగితీగకు పట్టు తొడిగి, చుట్లు ఒకదానికొకటి తగిలినా విద్యుత్తు దారి తప్పకుండా, పొరలు పొరలుగా చుట్టారు. 1831లో యేల్ కళాశాలకు ఆయన నిర్మించిన అయస్కాంతం 2,000 పౌండ్లకు మించిన బరువునెత్తింది.

అంతటి బలాన్ని దూరం నుండి అదుపు చేయడమెలా? సుదీర్ఘమైన తీగలో క్షీణించిన విద్యుత్తు బరువులెత్తలేదు. చిన్న తీగముక్కను మాత్రం కదిలించగలదు. ఆ కదలికతోనే పెద్ద అయస్కాంతపు వలయాన్ని తెంచి, 1835 ప్రాంతంలో ప్రిన్స్‌టన్‌లో విద్యార్థుల ఎదుట బరువులను నేలకూల్చారు. అదే రిలే. నేడు మైక్రోకంట్రోలర్ పంపే స్వల్ప విద్యుత్తుతో విద్యుదయస్కాంతాన్ని నడిపేవారు తరచు వాడేదీ ఇదే.

దానికి ఆయన పేటెంటు కోరలేదు. తంతి యంత్రపు కీర్తి, ధనం మోర్స్‌కు దక్కాయి. 1878లో మరణించేనాటికి హెన్రీ స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శిగా ఉన్నారు.