థియో ఆల్బ్రెక్ట్
థియో ఆల్బ్రెక్ట్ (మార్చి 28, 1922 - జూలై 24, 2010) జర్మనీకి చెందిన ప్రముఖ వ్యాపారవేత్త. ఇతడు ఎస్సెన్ నగరంలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధానంతరం, 1946లో, అన్న కార్ల్‌తో కలిసి తల్లి నడిపిన చిన్న కిరాణా దుకాణపు బాధ్యతలు స్వీకరించాడు. సరుకుల రకాలను, దుకాణపు అలంకరణను తగ్గించి, అలా మిగిలిన ఖర్చు మేరకు ధరలు తగ్గించడం వీరి విధానం.

సిగరెట్ల అమ్మకం విషయమై అభిప్రాయభేదం కలిగి 1961లో సోదరులు వ్యాపారాన్ని పంచుకున్నారు. ఉత్తర భాగం థియోకు, దక్షిణ భాగం కార్ల్‌కు వచ్చాయి. 1962లో వాడుకలోకి వచ్చిన ఆల్డీ అనే పేరును మాత్రం ఇద్దరూ నిలుపుకున్నారు.

1971లో దుండగులు థియోను అపహరించి 17 రోజులు నిర్బంధించారు. 70 లక్షల మార్కులు చెల్లించిన పిదప విడుదలైన ఇతడు, శేషజీవితాన్ని ప్రజల దృష్టికి దూరంగా గడిపాడు. వ్యాపార విస్తరణ మాత్రం ఆగలేదు. 1979లో అమెరికాలోని ట్రేడర్ జోస్ దుకాణాలు కూడా ఇతని కుటుంబ యాజమాన్యంలోకి వచ్చాయి.