పేరులోనే మోగిన మోగ్

పిల్లలూ! ఆంగ్ల అక్షరాలను బట్టి ఈయన ఇంటిపేరును చాలామంది 'మూగ్' అని చదువుతారు. సరైన ఉచ్చారణ 'మోగ్'. తెలుగులో మూగకూ మోగడానికీ ఎంత దూరమో మీకు వేరే చెప్పాలా? విద్యుత్తుతో పెట్టెల చేత పాట పాడించిన ఈ ఇంజనీరుకు 'మోగ్' అన్నదే తగిన పేరని మేము మురిసిపోయాం.

రాబర్ట్ మోగ్ 1934 మే 23న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టారు. తండ్రి విద్యుత్ సంస్థలో ఇంజనీరు. కొడుకు గొప్ప పియానో విద్వాంసుడు కావాలని తల్లి కోరిక. బాలుడి మనసు మాత్రం తండ్రి పనిగదిలోని తీగల మీద ఉండేది. 14వ ఏటనే, చేత్తో తాకకుండా వాయించే 'థెరెమిన్' అనే వాద్యాన్ని తయారుచేశారు. తర్వాత తండ్రితో కలిసి అవే తయారుచేసి అమ్మారు. ఒకవైపు చదువు సాగిస్తూ 1965లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

1963 చివరిలో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకారుడితో పరిచయమైంది. మరుసటి వేసవిలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఇద్దరూ కలిసి పనిచేశారు. అక్కడే మోగ్ సింథసైజర్ రూపుదిద్దుకుంది. అందులో శబ్దాన్ని పుట్టించేది ఆసిలేటర్, నాదాన్ని మలిచేది ఫిల్టర్, హెచ్చుతగ్గులు చేసేది యాంప్లిఫయర్. ఇలా ఒక్కో పని చేసే విడి భాగాన్ని మాడ్యూల్ అంటారు. వీటిని తీగలతో ఏ వరుసలో కలిపితే ఆ వరుసకు తగ్గ కొత్త ధ్వని వస్తుంది.

మోగ్ గొప్పతనం వినడంలో ఉంది. మీటగానే మోగి సన్నగిల్లే వీణకూ, ఊదినంతసేపూ నిలిచే నాదస్వరానికీ తేడా ఉంది కదా! అలా స్వరం మొదలయ్యే తీరూ ముగిసే తీరూ వాయించేవారి చేతిలో ఉండాలని డాయిచ్ కోరారు. మోగ్ ఆయన్ను దుకాణానికి పంపి, ఇంటి గుమ్మానికి పెట్టే కాలింగ్ బెల్ బటన్ తెప్పించారు. దాన్ని నొక్కితే స్వరం లేచేలా, వదిలితే తగ్గేలా సర్క్యూట్ అమర్చారు. తర్వాత ఉసచెవ్‌స్కీ అనే స్వరకర్త సూచనతో దాన్ని నాలుగు దశలుగా పెంచారు. స్వరం లేవడం, కొంచెం తగ్గడం, నిలవడం, ఆగిపోవడం. నేటి కీబోర్డుల్లోనూ ఈ నాలుగు దశలే కనిపిస్తాయి.

అందరి కోరికలూ వింటూనే మోగ్ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్లాలి, అంటే మంద్ర షడ్జం మధ్య షడ్జం కావాలి. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు కాబట్టి, ఒక్కో మెట్టుకు వోల్టులో పన్నెండో వంతు. ఈ కొలత ఒకటే కావడం వల్ల వేర్వేరు మాడ్యూళ్లు ఒకే శ్రుతిలో కలిసి పనిచేయగలిగాయి.

పరిమితులూ ఉన్నాయి. గది వేడెక్కితే ఆసిలేటర్ల శ్రుతి జారిపోయేది. రాగం వాయిస్తే ఒకసారికి ఒకే స్వరం పలికేది. అయినా 1968లో వెండీ కార్లోస్ ఒక్కో స్వరపంక్తినీ విడిగా వాయించి, టేపు మీద ఒకదానిపై ఒకటి చేర్చి, బాఖ్ సంగీతాన్ని ఈ యంత్రం చేత పలికించారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. 1969లో మన అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు కూడా ఒక మోగ్ సింథసైజర్ చేరింది.

బీరువా అంత యంత్రాన్ని వేదికలెక్కించడం కష్టం. అందుకే 1970లో మినీమోగ్ వచ్చింది. అందులో తీగలు మార్చే స్వేచ్ఛ తగ్గింది, కానీ ఒక మనిషి మోసుకెళ్లగలిగే వాద్యం దొరికింది. ఏది వదులుకోవాలో తెలియడం కూడా ఇంజనీరు విద్యే.

అంత పేరొచ్చినా డబ్బు ఇబ్బందుల వల్ల సంస్థ ఇతరుల చేతికి వెళ్లింది. 1977లో మోగ్ బయటికొచ్చారు. తన పేరుతో తానే వాద్యాలు అమ్ముకోలేని పరిస్థితి! వేరే పేరుతో మళ్లీ థెరెమిన్లు చేస్తూ పని సాగించారు. 2002లో ఆ పేరు తిరిగి దక్కింది. 2005 ఆగస్టు 21న యాష్‌విల్‌లో కన్నుమూశారు.

బదిలీ మీద ఎక్కడికి వెళ్లినా మన టేబుల్ ఫ్యాను ప్లగ్గు కొత్త క్వార్టర్స్‌లోనూ సరిపోతుంది. సంవత్సరం మధ్యలో చేరినా మీ పాఠ్యపుస్తకం కొత్త తరగతిలోనూ అదే. ఎవరో ముందుగా ఒక కొలతకు కట్టుబడ్డారు కాబట్టే మనం ఎక్కడైనా కలిసిపోగలుగుతున్నాం. మోగ్ మాడ్యూళ్లూ అంతే. దేని ధ్వని దానిదే, కలిసే కొలత మాత్రం అందరిదీ. ఈసారి కొత్త బడిలో మొదటి రోజు బెరుకనిపిస్తే ఈ మాట గుర్తుచేసుకోండి. మీ స్వరం మీతోనే ఉంటుంది. మూగగా ఉండకండి, మోగండి!