బిల్లీ హాలిడే: ప్రేమపాట మీదా హక్కు ఉంది

జూలై 17 మనకు కారంచేడు రోజు. 1985లో ఆ రోజున ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తెలుగు నేల మీద దళిత ఉద్యమం దారి మార్చుకున్న తేదీ అది. అదే తేదీన, ఇరవై ఆరేళ్ల ముందు, 1959లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆసుపత్రిలో బిల్లీ హాలిడే చనిపోయింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. ఆసుపత్రి మంచం మీద ఉండగానే మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేసి, గది దగ్గర పోలీసులను కాపలా పెట్టారు.

ఈ రెండింటికీ తేదీ తప్ప వేరే సంబంధం లేదు. అయితే మన సభల్లో, మన వ్యాసాల్లో బిల్లీ హాలిడే పేరు వచ్చేది కారంచేడు లాంటి హత్యాకాండల గురించి మాట్లాడేటప్పుడే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లమూకలు నల్లవాళ్లను చంపి చెట్లకు వేలాడదీసిన చరిత్రను పాడిన మనిషిగా, ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ గాయనిగానే ఆమె మనకు తెలుసు. ఆ గుర్తింపు న్యాయమే. కానీ పాతికేళ్లకు పైగా ఆమె రికార్డు చేసిన వాటిలో ఎక్కువ భాగం ప్రేమపాటలు. వెన్నెల గురించి, ఎడబాటు గురించి, మోసపోయిన మనసు గురించి పాడినవి. వాటిని పక్కన పెట్టి ఆమెను ఒక్క పాటకు కుదిస్తే, ఆమె గెలుచుకున్న దాంట్లో పెద్ద భాగం మనకు అందకుండా పోతుంది.

బాల్టిమోర్ నుంచి హార్లెమ్‌కు

1915 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో పుట్టింది. అసలు పేరు ఎలియనోరా ఫేగన్. పెరిగింది బాల్టిమోర్‌లో. తల్లి సేడీ పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగేది. తండ్రి క్లారెన్స్ హాలిడే గిటార్ కళాకారుడు, ఇంట్లో ఉన్నది లేదు. పదకొండేళ్ల వయసులో పొరుగువాడు అత్యాచారం చేస్తే, బాధితురాలైన ఈ పిల్లనే సంస్కరణాలయంలో పెట్టారు. ఆ తర్వాత తల్లి వెంట న్యూయార్క్‌లోని హార్లెమ్ చేరింది. అక్కడ పద్నాలుగేళ్లకే జైలు చూసింది.

సంగీతం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బాల్టిమోర్‌లో ఒక వేశ్యాగృహంలో చిల్లర పనులు చేసి, డబ్బుకు బదులు అక్కడి గ్రామఫోన్ మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బెస్సీ స్మిత్ రికార్డులు వినేదాన్నని తన ఆత్మకథలో చెప్పుకుంది. హార్లెమ్ క్లబ్బుల్లో బల్లల మధ్య తిరుగుతూ పాడుతున్న ఈ అమ్మాయిని జాన్ హామండ్ అనే నిర్మాత విన్నాడు. 1933లో, పద్దెనిమిదేళ్ల వయసులో, బెన్నీ గుడ్‌మన్ బృందంతో మొదటి రికార్డు చేసింది.

మిగిలిపోయిన పాటలు

ఈరోజు జాజ్‌లో స్టాండర్డ్స్ అని పిలిచే పాటలు పుట్టినప్పుడు అంత గౌరవమైనవి కావు. మన సినిమా పాటల్లాగే అవి సరుకు. బ్రాడ్‌వే నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం, న్యూయార్క్ పాటల ప్రచురణకర్తల కోసం లెక్కలేనన్ని రాసేవాళ్లు. కొత్త పాటల్లో మంచివనుకున్నవి ముందు పేరున్న తెల్ల గాయకుల చేతికి వెళ్లేవి. నల్లవాళ్లకు తరచుగా దక్కినవి ఆ వడపోతలో మిగిలినవి.

1930ల నడుమ బార్లలో, నల్లవాళ్ల పేటల్లో జూక్‌బాక్సులు వచ్చాయి. నాణెం వేస్తే పాట వినిపించే ఆ పెట్టెలకు చవకగా తయారయ్యే రికార్డులు కావాలి. బ్రన్స్‌విక్ కంపెనీ ఆ పనిని టెడ్డీ విల్సన్ అనే నల్లజాతి పియానో కళాకారుడికి అప్పగించింది, గాయనిగా బిల్లీ వచ్చింది. చిన్న బృందం, పెద్దగా రిహార్సల్ లేదు. పాట కాగితాలు చూసుకుని, అక్కడికక్కడే ఎవరేం వాయించాలో అనుకుని, మూడు నిమిషాల్లో ముగించాలి. 1935 జూలై 2న అలా చేసినదే ‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’. హ్యారీ వుడ్స్ రాసిన తేలికపాటి వెన్నెల పాట అది. రాయ్ ఎల్డ్రిడ్జ్ ట్రంపెట్, బెన్ వెబ్‌స్టర్ శాక్సఫోన్, గుడ్‌మన్ క్లారినెట్ జోరుగా పరుగెత్తుతుంటే ఆమె వాటి మధ్య ఏ కంగారూ లేకుండా పాడుతుంది. ఇప్పుడు ఆ పాట అనగానే ఆమె గొంతే గుర్తొస్తుంది.

తాళానికి కాస్త వెనకగా

ఆమెది పెద్ద గొంతు కాదు. స్థాయి కూడా చిన్నదే, ఒక సప్తకానికి కొంచెం పైన. బెస్సీ స్మిత్‌లా హాలంతా దద్దరిల్లేలా పాడలేదు. ఆమె చేసిన పని వేరు. తాళం తన దారిన తాను నడుస్తుంటే, ఆమె మాట దానికి ఒక అడుగు వెనకగా వస్తుంది. తప్పిపోయిందేమో అనిపించే క్షణంలో వచ్చి కలుస్తుంది. స్వరకర్త రాసిన ఎగుడుదిగుళ్లను చదును చేసి నాలుగైదు స్వరాల్లోకి కుదిస్తుంది. అప్పుడు బాణీ వెనక్కి జరిగి, మాట ముందుకు వస్తుంది. కాగితం మీద చప్పగా కనిపించే వాక్యం ఎవరో మన పక్కన కూర్చుని నిజంగా చెబుతున్నట్టు వినిపిస్తుంది.

1937 నుంచి ఈ రికార్డుల్లో లెస్టర్ యంగ్ శాక్సఫోన్ తోడైంది. ఆమెకు లేడీ డే అన్న పేరు పెట్టింది అతనే, అతనికి ప్రెజ్ అన్న పేరు పెట్టింది ఆమె. ‘మీన్ టు మీ’లో ఆమె పాడినదీ అతను వాయించినదీ ఒకే మనిషి రెండు గొంతులతో మాట్లాడినట్టు ఉంటుంది.

అయితే ఈ పనికి ఆమెకు దక్కినదేమిటి? తొలినాళ్ల రికార్డులకు సెషన్‌కు ఇంతని ఒకసారి కూలి ఇచ్చారు, రాయల్టీ లేదు. చట్టం దృష్టిలో పాట అంటే కాగితం మీది బాణీ, సాహిత్యం. వాటి ఆదాయం రచయితకు, ప్రచురణకర్తకు పోతుంది. ఆ పాటను ఒక నల్ల స్త్రీ తిరగరాసి బతికిస్తే, ఆ శ్రమకు యాజమాన్యం లేదు. సృష్టి ఒకరిదీ ఆస్తి మరొకరిదీ కావడం మనకు కొత్త సంగతి కాదు.

అవమానాలు ఎటూ తప్పలేదు. కౌంట్ బేసీ బృందంతో డెట్రాయిట్ వెళ్తే, నల్ల వాద్యకారుల మధ్య ఆమె మరీ తెల్లగా కనిపిస్తోందని థియేటర్ వాళ్లు ముఖానికి నల్లరంగు పూయించారు. 1938లో ఆర్టీ షా తెల్ల బృందంలో పాడుతున్నప్పుడు, న్యూయార్క్ లింకన్ హోటల్‌లో సామాన్ల లిఫ్టులో వెళ్లమన్నారు. పైన పాడటానికి పనికొచ్చిన మనిషి అతిథుల లిఫ్టుకు పనికిరాలేదు. కొద్దికాలానికే ఆ బృందం వదిలేసింది.

ఒకే రోజు, నాలుగు పాటలు

అక్కణ్నించి ఆమె చేరింది గ్రీనిచ్ విలేజ్‌లోని కెఫే సొసైటీకి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోగలిగిన అరుదైన క్లబ్ అది. బ్రాంక్స్‌లో బడిపంతులుగా ఉన్న యూదు కమ్యూనిస్టు ఏబెల్ మీరోపోల్ రాసిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ను ఆమె అక్కడ పాడింది. వడ్డన ఆపేసేవారు, దీపాలు ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క వెలుగు ఉంచేవారు. పాట అయ్యాక మళ్లీ వేదిక మీదికి వచ్చేది కాదు. అంతకు రెండేళ్ల ముందే ఆమె తండ్రి టెక్సస్‌లో జబ్బుపడి చనిపోయాడు. నల్లవాడన్న కారణంగా వైద్యం అందకే పోయాడని ఆమె నమ్మింది.

కొలంబియా కంపెనీ ఈ పాట రికార్డు చేయడానికి ఒప్పుకోలేదు. కమొడోర్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. 1939 ఏప్రిల్ 20న స్టూడియోలోకి వెళ్లింది. ఆ రోజు చేసినవి నాలుగు పాటలు. ఒకటి ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. రెండోది, జెరోమ్ కెర్న్ 1933లో బ్రాడ్‌వే కోసం కట్టిన ‘యెస్టర్‌డేస్’, గడిచిపోయిన రోజుల మీద బెంగ. మూడోది హెరాల్డ్ ఆర్లెన్ స్వరపరచిన, పేరులోనే దుఃఖాన్ని పాడుకునే హక్కు గురించిన మాట ఉన్న ‘ఐ గాటా రైట్ టు సింగ్ ద బ్లూస్’. నాలుగోది ఆమె సొంత బ్లూస్ ‘ఫైన్ అండ్ మెలో’, సరిగా చూసుకోని మగవాడి మీద ఫిర్యాదు. రికార్డు విడుదలైనప్పుడు ఒక వైపు చెట్టుకు వేలాడే శవాలు, మరో వైపు ఈ ఫిర్యాదు.

నా వాదన అంతా ఈ రికార్డు మీదే ఉంది. మనం ఒక వైపే వింటున్నాం. బాధితుల నుంచి లోకం కోరేది సాక్ష్యం. గాయం చూపిస్తే చప్పట్లు కొడుతుంది. ప్రేమ, అలక, వెన్నెల మాత్రం ఇంకెవరికో రాసిపెట్టినట్టు చూస్తుంది. దళిత కవి నుంచీ, గాయని నుంచీ కూడా ఎదురుచూసేది ఇదే. కొన్నిసార్లు మనవాళ్లు కూడా ఇదే ఆశిస్తారు. బిల్లీ ఆ పంపకాన్ని ఒప్పుకోలేదు. శవాల గురించి పాడిన నోటితోనే, అదే రోజు, తన మనసు గురించీ పాడింది. రెండింటిలోనూ గొంతు ఒకటే, ఆ వెనకడుగు తాళం ఒకటే.

లైసెన్సు లేని గొంతు

1947లో మాదకద్రవ్యాల కేసులో ఏడాదీ ఒక రోజూ శిక్ష పడింది. వెస్ట్ వర్జీనియాలోని ఆల్డర్సన్ జైలు నుంచి బయటికొచ్చిన కొద్ది రోజులకే, 1948 మార్చి 27న, కార్నెగీ హాల్ నిండిపోయింది. కానీ మద్యం అమ్మే న్యూయార్క్ క్లబ్బుల్లో పాడాలంటే పోలీసులిచ్చే కాబరే కార్డు ఉండాలి. శిక్ష పడినందుకు అది ఇవ్వలేదు. పెద్ద హాళ్లలో పాడొచ్చు కానీ రోజువారీ బతుకు నడిచే చోట పాడకూడదు. శిక్ష పూర్తయ్యాక కూడా ఆగని శిక్ష అది.

ఆమె ఆ పాత పాటల దగ్గరికే తిరిగి వెళ్లింది. ‘దీజ్ ఫూలిష్ థింగ్స్’ను 1936లో విల్సన్‌తో, 1952లో ఆస్కార్ పీటర్సన్ పియానోతో రెండుసార్లు రికార్డు చేసింది. మొదటిది హుషారుగా నడుస్తుంది. రెండోదానిలో నడక నెమ్మదించింది, గొంతు గరుకెక్కింది. పాట మారలేదు, కానీ దాని మీద పదహారేళ్ల బతుకు పేరుకుంది. 1958లో తీగవాద్యాల బృందంతో వచ్చిన ‘లేడీ ఇన్ శాటిన్’ నాటికి గొంతు చిరిగిపోయింది. స్వరాలు తడబడ్డాయి. మాట ఎక్కడ పడాలన్న తూకం మాత్రం చెక్కుచెదరలేదు.

కొత్తగా వినేవాళ్లు ఆ రెండు ‘దీజ్ ఫూలిష్ థింగ్స్’తో మొదలుపెట్టండి, ఒకదాని వెంట ఒకటి. తర్వాత 1957 డిసెంబర్‌లో సీబీఎస్ టెలివిజన్ ప్రసారం చేసిన ‘ఫైన్ అండ్ మెలో’ చూడండి. లెస్టర్ యంగ్ వాయిస్తుంటే ఆమె తలూపుతూ, చిన్నగా నవ్వుతూ వింటుంది. అప్పటికి ఇద్దరికీ మిగిలింది రెండేళ్ల లోపే. ఆ ముఖంలో కనిపించేది సంతోషం. ఆమె చరిత్ర రాసేటప్పుడు దాన్ని కూడా రాయాలి.