హ్యూ ఫాల్కనర్ – శివాలిక్ నీటిగుర్రపు దంతము

నమిలి నమిలి యరిగిన దవడపన్ను తలముపై మారేడుదళము వంటి ముద్ర తేలినచో నది నీటిగుర్రపు పన్నని శాస్త్రజ్ఞులు పోల్చుకొందురు. ఎముక చివికిపోయినను పన్ను నిలుచును. దానిని గప్పిన పింగాణి పొర శరీరమునందెల్ల కఠినమైనది. నేడు మన దేశమున నీటిగుర్రము జంతుప్రదర్శనశాలలందే కాని యడవులలో లేదు. లక్షలాది సంవత్సరముల క్రిందట నది శివాలిక్ కొండల ప్రాంతమున సంచరించెనని లోకమునకు దెలిపినవారిలో ముఖ్యుడు హ్యూ ఫాల్కనర్.

ఈతడు 1808లో స్కాట్లండునందలి ఫారెస్ పట్టణమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1830లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మన దేశమునకు వచ్చెను. 1832లో సహరన్‌పూరు వృక్షోద్యానమున కధికారి యయ్యెను. అచ్చట కాలువల ఇంజనీరు ప్రోబీ కాట్లీతో స్నేహము గలిగినది. గంగా కాలువను నిర్మించిన కాట్లీ యితడే. ఆ కాలువ విషయముననే మన గోదావరి ఆనకట్ట గట్టించిన కాటన్ దొర తరువాతి కాలమున నీతనితో తీవ్రముగా వాదించెను.

శివాలిక్ కొండలలో దొరకు రాతియెముకలను జనులు పూర్వకాలపు రాక్షసుల యెముకలని తలచెడివారు. మిత్రులిద్దరును వానిని రాశులుగా సేకరించిరి. పోల్చి చూచుటకు దగ్గరలో మ్యూజియము లేదు, తగిన గ్రంథములును లేవు. అందుచే చుట్టుపట్ల నడవులలోని జంతువుల అస్థిపంజరములను గూర్చుకొని తామే యొక మ్యూజియము నేర్పరచుకొనిరి. నీటిగుర్రమునకు మాత్రమా యుపాయము పనికిరాదు గదా! అయినను 1836లో దానిని వర్ణించి ప్రకటించిరి. నేటి ఆఫ్రికా నీటిగుర్రమునకు క్రింది దవడ ముందు భాగమున కొరుకుపండ్లు నాలుగు. శివాలిక్ జంతువున కారు. ఆ లెక్కను బట్టియే హెక్సాప్రోటోడాన్, అనగా ఆరు ముందుపండ్లది, అను పేరు వచ్చినది. మరుసటి యేడు లండను భూగర్భశాస్త్ర సంఘము వారిద్దరికిని వొలాస్టన్ పతకము నొసగెను.

1842లో ఫాల్కనర్ అనారోగ్యముచే స్వదేశమునకు మరలుచు, సుమారు అయిదు టన్నుల శిలాజములను వెంట గొనిపోయెను. బ్రిటిష్ మ్యూజియములో శివాలిక్ శిలాజములను వరుసపరచు పని యాతని కప్పగింపబడినది. ముఖ్యమైన వానికి అచ్చులు దీసి, ప్లాస్టర్ ప్రతిరూపములను పోసి, ఐరోపాలోని పెద్ద మ్యూజియములకు పంపిరి. అసలు శిలాజ మొక్కచోటనే యుండును. ప్రతిరూపమున్నచో, హిందూదేశము నెన్నడును చూడని విద్యార్థియు గట్లను తడిమి, కొలిచి, పండ్లు లెక్కించుకొనగలడు. నా దృష్టిలో నాతని సేవలలో నిది మిక్కిలి గొప్పది.

ఇక గ్రంథరచన మాట. ఫానా ఆంటిక్వా సివాలెన్సిస్ అను మహాగ్రంథమునకు పటములు 1849 నాటికి తొమ్మిది భాగములు వెలువడెను. వివరణ మాత్రము ఏనుగు జాతులను గూర్చిన యొక్క భాగముతో నిలిచిపోయెను. నీటిగుర్రపు పటము లచ్చయినవి, వాని వివరణ రాలేదు! 1848లో ఫాల్కనర్ కలకత్తా వృక్షోద్యానమునకు పోవలసి వచ్చుట యొక కారణము. సరిచూచినదానినే మరల సరిచూచుచు, ఆతడు వ్రాత వాయిదా వేయుచుండుట మరియొకటి. ఎరిగినదానిలో నధికభాగ మాతని జ్ఞాపకమునందే యుండెను.

1855లో ఉద్యోగము విరమించి, ఇంగ్లండు, సిసిలీ గుహలలో ప్రాచీన మానవుని జాడలను వెదకెను. డార్విను సిద్ధాంతము నాతడు పూర్తిగా నంగీకరింపలేదు. అయినను 1864లో ఆయనకు కాప్లీ పతకము రావలెనని గట్టిగా పాటుపడెను. మరుసటి జనవరి 31న లండనులో మరణించెను. మిత్రుడు చార్లెస్ మర్చిసన్ ఆతని కాగితముల నేరి కూర్చి, 1868లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఇరువది యేండ్లుగా మూగగా నున్న పటములకు వివరణలు వానిలో దొరకినవి.