వెదురుబొంగుల విమానము: సాంటోస్ డ్యూమాంటు

ఆకాశయానచరిత్రమును వ్రాయువారు రైటు సోదరులతో నారంభించి యుద్ధవిమానములతో ముగించుట పరిపాటియైనది. నడుమ నొక కాఫీతోటల యజమానుని కుమారుడు వెదురుబొంగులతోను పట్టుగుడ్డతోను చిన్న విమానమును నిర్మించి, దాని పటములను వెల గొనక లోకమునకు విడిచిపెట్టిన సంగతిని వారు రెండు పంక్తులలో దాటవేయుదురు. ఆ రెండు పంక్తులలోనే విచారింపదగినది చాల కలదని మా యభిప్రాయము.

ఆల్బెర్టో సాంటోస్ డ్యూమాంటు 1873 జూలై 20వ తేదీని బ్రెజిలు దేశమున మీనాస్ జెరాయిస్ రాష్ట్రములో జన్మించెను. తండ్రి ఫ్రెంచి వంశజుడు, ఇంజనీరు. రైలుదారి పనులు చేసి, పిదప సావో పౌలో ప్రాంతమున విస్తారముగ కాఫీతోటలు వేసి మహాధనికుడయ్యెను. బ్రెజిలులో 1888 వరకును బానిసత్వము చట్టసమ్మతమై యుండెను. ఆ దేశపు కాఫీ యైశ్వర్యము చాలవఱకు బానిసల చెమటపై లేచినదే యనుట మఱువరాదు. తోటలలో కాఫీ మోయుటకు సొంత రైలుబండియు, ఆవిరియంత్రములును ఉండెను. బాలుడు చిన్ననాడే వానిని తోలుట నేర్చెను. జ్యూల్ వెర్ను కథలు చదివి మేఘములవైపు చూచుటయు నేర్చెను. తండ్రి ప్రమాదమున పడి పక్షవాతము పాలై, కుమారునకు 18 ఏండ్ల ప్రాయముననే ఆస్తి పంచియిచ్చి, పారిసునకు పోయి యంత్రవిద్య నభ్యసింపుమని ప్రోత్సహించి, 1892లో గతించెను. అదే కాలమున మన మండలములలో కలిగినవారు కుమారులను ప్లీడరీ పరీక్షలకై చెన్నపురికి పంపుచుండిరి. ఆ తండ్రియెడ మాకు గౌరవము కలదు.

పారిసులో ఆయన మొదట బెలూనులను, పిదప ఇంజనుతో నడచు వాయునౌకలను కట్టెను. 1901 ఆగస్టులో 5వ నౌక యొక హోటలు కప్పుపై కూలెను. అక్టోబరు 19వ తేదీని 6వ నౌకతో సేం క్లూ నుండి బయలుదేరి ఐఫెలు గోపురమును చుట్టి వచ్చి లక్ష ఫ్రాంకుల బహుమానమును గెలిచెను. అందు దమ్మిడీయైన నుంచుకొనక పారిసు బీదలకును తన పనివాండ్రకును పంచిపెట్టెను. తాకట్టులోనున్న పనిముట్లు ఆ సొమ్ముతో విడిపింపబడి కూలివాండ్ర చేతికి మరల వచ్చెను.

1906 నవంబరు 12వ తేదీని పారిసు చెంత బగతెల్ మైదానమున, 14 బిస్ అను రెక్కల యంత్రముపై 220 మీటర్లు ఎగిరెను. బ్రెజిలువాసులు లోకమున మొదటి విమానము ఇదియే యందురు. వారి దేశాభిమానము మెచ్చదగినదే. అయినను రైటు సోదరులు 1903 డిసెంబరు 17వ తేదీననే యెగిరిరి. 1905 నాటికి అరగంటకు పైగా గాలిలో నిలువగలిగిరి. ఐరోపాలో బహిరంగముగ, పరీక్షకుల కొలతకు లోబడి మొదట నెగిరిన గౌరవము మాత్రము సాంటోసుకు చెల్లును. ఆయన కీర్తికి ఇంతకంటె గట్టి యాధారము వేఱొకటి కలదు.

14 బిస్ పెట్టెగాలిపటములను వరుసగ కూర్చినట్లుండెడిది. దానిని వలసినవైపు మరల్చుట దుర్ఘటము. దానిని విడిచి, ఒక్క మనిషి యెక్కుటకు చాలిన తేలికయంత్రమును ఆయన 1907లో తలపెట్టెను. ఇది ఆయన లెక్కలో 19వది. వెన్నెముకగా నొకటే వెదురుబొంగు. దాని తుదను సిలువయాకారపు తోక అన్నివైపులకు తిరుగు కీలుపై నమర్పబడెను. 20 అశ్వశక్తుల ఇంజను రెక్కలపైన నుండెను. మనిషి రెక్కలక్రింద చక్రముల నడుమ కూర్చుండవలెను. నవంబరు 17వ తేదీని ఇస్సీ మైదానమున దాదాపు 200 మీటర్లు ఎగిరి, కొలదిదినములకే దెబ్బతినెను.

ఇచ్చట ఆయన పనితీరు గమనింపదగినది. ముందువైపు పెట్టిన అదనపు చుక్కానులు పనికిరావని తోచగనే తీసివైచెను. ఇంజనును క్రిందికి దింపి బెల్టుతో పంకాను త్రిప్పించి చూచెను, అది కుదరలేదు, మరల మీదికే యెక్కించెను. ఒక్క బొంగు బలము చాలదని మూడు బొంగులను ముక్కోణముగ బిగించెను. బొంగుల యతుకులకు లోహపు గొట్టములు తొడుగుటచే యంత్రమును విప్పి మఱల కూర్చుకొను వీలు కలిగెను. ఇట్లు మార్పులు పొంది 1909 నాటికి 20వ విమానము సిద్ధమాయెను. రెక్కలు కొననుండి కొనకు 5 మీటర్లకు కొంచెమెక్కువ. పొడవు 8 మీటర్లు. మనిషి లేక బరువు సుమారు 110 కిలోగ్రాములు. ఇంజను నీటిని చల్లార్చు రాగిగొట్టములు రెక్కల యడుగున పఱచబడెను. ఒక చేతితో తోకను ఎత్తి దించుటయు, రెండవచేతితో ప్రక్కలకు త్రిప్పుటయు సరిపోయెను. రెక్కలను మెలిపెట్టి యొరగు సరిదిద్దుకొనుటకు మూడవ చేయి లేదు. అందుచే ఆ తీగెలకు కట్టిన మీటను తన కోటు వీపున కుట్టించిన జేబులో జొనిపి, సైకిలు త్రొక్కువానివలె తా నొరగినప్పుడు తీగెలు లాగబడునట్లు చేసికొనెను. ఇట్టి యుపాయము దర్జీకి తోచవలసినది గాని ఇంజనీరునకు తోచునది కాదు!

దీనిని జనులు దమ్వాజెల్ అనిరి. ఫ్రెంచిభాషలో ఆ మాటకు కన్నెపిల్ల యనియు, తూనీగ యనియు రెండర్థములు. 1909 సెప్టెంబరు 13వ తేదీని సేం సీరు నుండి బ్యూకు వరకు 8 కిలోమీటర్లు 5 నిమిషములలో ఎగిరెను.

దీనికి ఆయన పేటెంటు కోరలేదు. ఫ్రాన్సులో నొక మోటారు కార్ఖానావారు దీనిని నిర్మించి అమ్మిరి. 1910లో అమెరికాలోని పాప్యులర్ మెకానిక్స్ మాసపత్రిక కొలతలతో సహా పటములను ప్రకటించెను. పనిముట్లు పట్ట నేర్చినవాడెవడైనను తన కొట్టములో దీనిని కట్టుకొనవలెనని ఆయన కోరిక. అదే కాలమున రైటు సోదరులు తమ పేటెంటునకై న్యాయస్థానముల కెక్కిరి. 1917లో అమెరికా ప్రభుత్వము కల్పించుకొని పేటెంటులను ఉమ్మడి చేయించువరకు ఆ తగవులు తీరలేదు. రైటు సోదరులు సైకిళ్లు చేసి అమ్మి బ్రతికినవారు. తమ శ్రమకు ఫలము కోరుట తప్పనజాలము. తండ్రి ఆస్తి గలవానికి దానము సుకరము. అయినను ఆస్తి గలవారందఱు దానము చేయరు గదా!

పటములు చూచి కట్టినవారికి చిక్కొకటి యుండెను. సాంటోసు మిక్కిలి పొట్టి, సుమారు 50 కిలోగ్రాముల మనిషి. యంత్రము ఆయన బరువునకే కుదిరినది. 1965లో విడుదలయైన యొక ఇంగ్లీషు చలనచిత్రమునకై దీని ప్రతిరూపమును నిర్మించినప్పుడు, తేలికైన శరీరము గల జోన్ హ్యూస్ అను మహిళ నడుపవలసివచ్చెను. అయినను దీనిపై నెగుర నేర్చినవారు తక్కువవారు కారు. నేడు పారిసులోని టెన్నిసు మైదానమునకు పేరైన రోలాం గారో వారిలో నొకడు.

1910 జనవరిలో తీగె తెగి విమానము కూలెను. పిదప తలత్రిప్పటయు, ఒకటి రెండుగ కనబడుటయు ఆరంభమై, 36 ఏండ్ల వయసునందే ఆయన యెగురుట మానెను. 1914లో యుద్ధము రాగా, సముద్రతీరమున దూరదర్శినితో చుక్కలు చూచుచున్న యీయనను ఇరుగుపొరుగువారు జర్మను గూఢచారి యని శంకించిరి; ఇల్లు సోదా చేయబడెను. అవమానభారమున ఆయన తన కాగితములను తగులబెట్టి, పిదప స్వదేశము చేరెను. అచ్చువేయించి పంచినవి మాత్రము మిగిలెను.

విమానము యుద్ధమున కుపయోగపడుట ఆయన కెప్పుడును సమ్మతము కాదని కొందఱు వ్రాయుదురు. అది సరికాదు. 1903లో తన వాయునౌకలను యుద్ధావసరములకై ఫ్రెంచి ప్రభుత్వమున కిచ్చెదనని తానే ముందుకు వచ్చెను. ఐరోపాలో బాంబులు పడిన తరువాతనే ఆయన మనస్సు మాఱినది. 1926లో విమానములను యుద్ధమున వాడుటను నిషేధింపవలెనని నానాజాతిసమితికి విన్నవించెను, అది అరణ్యరోదనమాయెను. 1928 డిసెంబరు 3వ తేదీని ఓడలో రియో డి జనీరో రేవు చేరుచుండగా, స్వాగతమిచ్చుటకై వచ్చిన నీటివిమానము ఆయన కన్నులయెదుట కూలి, అందలి వారందఱు మరణించిరి. ఆ విమానమునకు ఆయన పేరే పెట్టియుండిరి.

1932 జూలైలో సావో పౌలో రాష్ట్రము కేంద్రప్రభుత్వముపై తిరుగబడెను. ప్రభుత్వ విమానములు సావో పౌలో వారిపై బాంబులు వేసెను. రోగియై అదే రాష్ట్రమున గ్వారుజా సముద్రతీరమున నుండిన సాంటోసు, జూలై 23వ తేదీని తన ప్రాణమును తానే తీసికొనెను. మరణకారణమును అధికారులు బహుకాలము ప్రజలకు తెలియనీయలేదు. రియోలో ఆయన సమాధిపై రెక్కలు విప్పిన యొక విగ్రహము కలదు. మన సంపాతివలె సూర్యుని చెంతకు పోయి రెక్కలు పోగొట్టుకొన్న ఇకారస్ అను గ్రీకు యువకుని రూపమది. 1913లో ఫ్రెంచివారు ఆయన గౌరవార్థము సేం క్లూలో నిలిపిన దానికి ప్రతిమ. తలిదండ్రుల సమాధికై ఆయన బ్రతికియుండగనే దానిని అచ్చట పెట్టించెను.