మూకచిత్ర రసజ్ఞుడు ధీరేంద్రనాథ గంగూలీ

కళలన్నింటిలో పిన్నది చలనచిత్రకళ. నాట్యము, గానము, శిల్పము, చిత్రలేఖనము వేలయేండ్ల నాటివి. ఈ కళయో 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరుల ప్రదర్శనముతో లోకమునకు వెల్లడియైనది. మరుసటి సంవత్సరము జూలై 7వ తేదీన బొంబాయి నగరవాసులు దానిని కనులార చూచిరి. 1913లో దాదాసాహెబ్ ఫాల్కేగారి 'రాజా హరిశ్చంద్ర' వెలువడెను. తెరమీద కదలునవి నీడలని ఎరిగియు మనుజుడేల కన్నీరు కార్చును, ఏల నవ్వును, అను ప్రశ్న ఆ దినములనుండియు విజ్ఞులను ఆలోచింపజేయుచునే యున్నది. ఆ ప్రశ్నతోనే జీవితమంతయు గడిపి, దానికై హైదరాబాదు నగరమున గొప్ప నష్టమునకు గురియైన కళాకారుడు ధీరేంద్రనాథ గంగూలీగారు.

గంగూలీగారు 1893లో జన్మించిన వంగీయులు. శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాగూరుగారి విద్యాలయమున చదివి, చిత్రకళ నభ్యసించిరి. యౌవనమున హైదరాబాదు చేరి, నిజాము ఆర్టు కళాశాలయందు ప్రధానాధ్యాపక పదవి స్వీకరించిరి. చలనచిత్ర లోకమువారు ఆయనను డి. జి. అని పిలిచెడివారు.

కుంచె పట్టిన ఆ చేతికి ఛాయాగ్రహణముపైనను మక్కువ కలిగెను. 1915 ప్రాంతమున ఆయన 'భావేర్ అభివ్యక్తి' అను ఛాయాచిత్ర సంపుటమును వెలువరించిరి. అందు వేషములు పెక్కు గలవు గాని, వేషధారి ఒక్కరే. ఆయనయే తన ముఖమును, వస్త్రమును, నిలుచు తీరును మార్చుకొని వేరువేరు మనుష్యులుగ కనబడిరి. మన నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగ విభజించినది. ఛాయాచిత్రమునకు మాట లేదు గనుక వాచికమునకు తావు లేదు. తక్కిన మూడింటితోనే భావమును చూపరులకు అందింపవచ్చునా అను పరీక్షయే ఆ పుస్తకము. మూకచిత్రమునకు కావలసిన పాఠమును గంగూలీగారు ఈ విధముగ ముందే నేర్చుకొనిరి.

1918లో కలకత్తాయందు మిత్రులతో కలసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీని స్థాపించిరి. 1921లో ఆ సంస్థ 'బిలాత్ ఫెరత్' అను హాస్యచిత్రమును ప్రదర్శించెను. సీమకు పోయివచ్చి, స్వదేశపు నడవడి నెల్ల చిన్నచూపు చూచు యువకుని వింతపోకడలు అందలి ఇతివృత్తము. నాయకపాత్రను గంగూలీగారే ధరించిరి. అనాటి చిత్రములు పెక్కు పురాణకథలనే చూపుచుండగా, తమ వీధిలోని మనిషినే తెరపై చూచి నవ్వుకొను భాగ్యము వంగీయులకు దీనివలన కలిగెను.

ఆ మీదట ఆయన మరల హైదరాబాదునకు వచ్చిరి. ఆ నగరము అప్పుడు క్రొత్తరూపు దాల్చుచుండెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు పిమ్మట నగరమును చక్కదిద్దు ప్రయత్నములు సాగినవి. పాతనగరమును అఫ్జల్‌గంజుతో కలుపు నయాపూల్ వంతెనపై నిలిచి చూచినచో ఆ మార్పు కన్నులకు గట్టెడిది. దక్షిణపుటొడ్డున హైకోర్టు భవనము 1919లో ముగిసినది. ఉత్తరపుటొడ్డున ఉస్మానియా వైద్యశాల 1925 నాటికి పూర్తియైనది. విశ్వవిద్యాలయము 1918లోనే వెలసినది. న్యాయమునకు, వైద్యమునకు, విద్యకు మందిరములు లేచుచున్న ఆ పట్టణమున, మూకచిత్రకళకును ఒక మందిరమును నెలకొల్పుటకు గంగూలీగారు పూనుకొనిరి.

1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ ఏర్పడెను. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారి ఆదరణము లభించెను. చిత్రనిర్మాణముతోపాటు ప్రదర్శనమును కూడ గంగూలీగారు చేపట్టిరి. 'ఇంద్రజిత్', 'హరగౌరి', 'యయాతి' వంటి పురాణకథలు, 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' వంటి హాస్యకథలు రెండేండ్లలో వరుసగా వెలువడినవి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రజలు గల ఆ రాజ్యమున మాటలేని చిత్రమునకు ఒక సౌలభ్యముండెను. భాష తెలియనివాడు గానమునకు తల యూపినట్లే, అక్షరము రానివాడును ఇంద్రజిత్తు క్రోధమును ముఖమున చదువుకొనగలిగెడివాడు.

ఇచట ఈ కళయొక్క స్వభావమును కొంత విచారింపవలసియున్నది. తెరమీద వాస్తవముగ చలనమనునది లేదు. చుట్టలోని బొమ్మలన్నియు నిశ్చలములే. మూకచిత్రముల కాలమున సెకండునకు సుమారు 16 మొదలు 20 బొమ్మల వరకు దీపము ముందర నిలిచి పోవుచుండెడివి. ఒక బొమ్మ పోయి మరియొకటి వచ్చులోపల కాంతి మూయబడి, తెర చీకటియగును. ఆ చీకటిని ప్రేక్షకుడు గుర్తింపడు. విడివిడి బొమ్మలను కూర్చి నడకగను, పరుగుగను గ్రహించునది అతని మనస్సే. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రము బోధించిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1916లోనే ఈ విషయముపై ఒక గ్రంథము వెలువరించి, చలనచిత్రము మనోవ్యాపారములకు రూపము కల్పించు కళయని ప్రతిపాదించెను. ముఖమును దగ్గరగా చూపుట మనస్సు ఒకచోట లగ్నమగుటవంటిది. గతమును నడుమ చూపుట జ్ఞాపకము వచ్చుటవంటిది.

మన ఆలంకారికులు ఇంతకు పూర్వమే, నాటకమునుగూర్చి ఇంకను లోతుగ విచారించిరి. రసము రంగస్థలముపై ఉండునది కాదనియు, సహృదయుడైన ప్రేక్షకుని హృదయమున ఆస్వాదమై నిలుచుననియు వారి సిద్ధాంతము. శాకుంతలమున దుష్యంతుని బాణమునకు బెదరి లేడి పరుగిడును. చూపరికి కలుగు భయము తనది కాదు, ప్రక్కవానిది కాదు, ఒక్క లేడిదియు కాదు. స్వపరభేదములు తొలగి అది అందరిదియు నగును. భట్టనాయకుడు దీనికి సాధారణీకరణమని పేరిడెను. నేడు నయాపూల్ సమీపమున మూసీ యొడ్డున వెలసిన సాలార్‌జంగు మ్యూజియమునకు పోయినవారికి ఇట్టి అనుభవమే కలుగును. అచట 1876లో మొదటి సాలార్‌జంగు సేకరించిన 'ముసుగు రెబెక్కా' పాలరాతి విగ్రహము కలదు. రాయియని తెలిసియు, పలుచని వస్త్రము చాటున ముఖము కనబడుచున్నదని మనస్సు ముచ్చటపడును. మోసపోయినందుకు కోపము రాదు, ఆనందము కలుగును. వెండితెర యిచ్చు ఆనందమును ఇట్టిదే.

అయితే ఈ ఆస్వాదమునకు విఘ్నములు కలవు. కాశ్మీరదేశపు అభినవగుప్తుడు అట్టివానిని ఏడింటిని పరిగణించెను. కథలోని సుఖదుఃఖములను తనవిగనో, ఫలానా వానివిగనో తలచుట వానిలో ఒకటి. తన సొంత సుఖదుఃఖములకు వశుడై కూర్చుండుట మరియొకటి. వేయేండ్ల క్రిందటి ఈ మాట 1924లో హైదరాబాదున నిజమై కనబడినది.

ఆ సంవత్సరము గంగూలీగారు బొంబాయిలో తయారైన 'రజియా బేగం' అను చిత్రమును నగరమున ప్రదర్శించిరి. అది ఆయన తీసినది కాదు. రజియా 1236 మొదలు 1240 వరకు ఢిల్లీ సింహాసనమునేలిన రాణి. చిత్రమున ఆమెకును ఒక హిందువునకును అనురాగము కలిగినట్లు కథ కల్పింపబడినది. ఈ కథ ప్రభువునకు తీవ్రమైన ఆగ్రహము కలిగించెను. గంగూలీగారు రాజ్యము విడిచిపోవలెనని ఆజ్ఞయైనది. రెండేండ్ల కృషి, పరికరములు, నటవర్గము, ప్రదర్శనశాలలు, సర్వమును ఒక్క యాజ్ఞతో ముగిసిపోయినవి.

ఈ సంఘటనను ఏకపక్షముగ చూచుట న్యాయము కాదు. చిత్రకళాశాలను పోషించినదియు, లోటస్ కంపెనీని ఆదరించినదియు ఆ ప్రభుత్వమే. పలు మతముల ప్రజలను ఏలువారు అలజడులకు వెరచుటయు సహజమే. ఐనను రాణి కథను రాణి కథగ చూడక, తన సింహాసనమును గూర్చిన మాటగ తీసికొన్న క్షణముననే అచట రసము చెడినది. తెరపై నడచినది ప్రేమకథ, ప్రభువునకు కనబడినది రాజకీయము. అధికారము చేతనున్న ప్రేక్షకునికి ఇట్టి విఘ్నము కలిగినచో, సామాన్యునివలె లేచిపోయి ఊరకుండడు, దీపమునే ఆర్పివేయును. చలనచిత్రము ఎంతటి ప్రభావము గలదో ఆ యాజ్ఞయే తెలుపుచున్నది. వట్టి నీడలైనచో వానిని వెడలగొట్టవలసిన పని యేమి?

కలకత్తా చేరిన గంగూలీగారు క్రుంగిపోలేదు. 1920ల చివర బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ అను సంస్థను స్థాపించిరి. 1930లో వెలువడిన 'ఫ్లేమ్స్ ఆఫ్ ఫ్లెష్' చిత్తూరు పద్మిని కథకు చిత్రరూపము. తరువాత 'చండీదాస్', 'సీత' చిత్రములతో ప్రఖ్యాతి గాంచిన దేవకీ బోసు చిత్రరంగమున అడుగిడినది ఈ సంస్థద్వారానే. 1931లో టాకీలు వచ్చి మూకచిత్రముల యుగము ముగియగా, గంగూలీగారు న్యూ థియేటర్స్ మొదలగు సంస్థలయందు పనిచేసి, హాస్యచిత్రములతో ప్రజలను నవ్వించిరి. 1974లో పద్మభూషణ బిరుదమును, 1975 సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును భారత ప్రభుత్వము వారికిచ్చి గౌరవించినది. 1978 నవంబరు 18వ తేదీన ఆయన దివంగతులైరి.

తెలుగుచిత్ర పరిశ్రమ 1921లో మద్రాసున రఘుపతి వెంకయ్యగారి కృషితో మొలకెత్తి, చిరకాలము అచటనే పెరిగినది. హైదరాబాదున సారథి స్టూడియో 1950లలో లేచువరకు, ఆ నగరమునకు చిత్రనిర్మాణము దూరముగనే ఉండిపోయినది. 1924లో ఆ దీపము ఆరియుండకున్నచో ఏమగునో ఎవరును చెప్పజాలరు. మూకచిత్రముల చుట్టలలో అత్యధికభాగము కాలవశమున నశించినవి. ఇంద్రజిత్తు ఎట్లు కన్నులెర్రజేసెనో చూచిన కన్నులును నేడు లేవు.

మిగిలినది ఆయన జీవితము నేర్పు పాఠము. చిత్రము తీయువారొకరైన, దానిని పూర్తిచేయువారు ప్రేక్షకులు. కావ్యము వ్రాయువాడొకడైన, దానిని బ్రతికించువారు చదువరులు. అఫ్జల్‌గంజున 1936నుండి నిలిచియున్న ఆసఫియా గ్రంథాలయ మహాసౌధమునందైనను, పల్లెలోని ఒంటిగది పఠనమందిరమునందైనను జరుగు పని యొక్కటియే. పరాయివాని కథను పరాయిదనక, తనదనియు పొరపడక, అందరిదిగ అనుభవింపగల మనస్సు అచట ఒక్కొక్క పుటతో తయారగుచున్నది. అట్టి మనస్సులు పదిమందికి కలిగిన ఊరిలో కళాకారునికి ఆశ్రయము లేకపోదు.